తోటగా మారిన రాజ్యం: డెస్సావ్ ప్రభువు ఫ్రాంజ్ జీవితం, పాలన

18వ శతాబ్దంలో జర్మనీ పేరుతో ఒకే రాజ్యం లేదు. పవిత్ర రోమన్ సామ్రాజ్యం అనే పాత పేరు కింద, వియన్నాలోని చక్రవర్తిని నామమాత్రపు అధిపతిగా అంగీకరిస్తూ, ప్రష్యా, ఆస్ట్రియా వంటి పెద్ద రాజ్యాలు మొదలుకొని కొన్ని ఊళ్లకు మించని ఏలుబడుల వరకు సుమారు 300 పాలనలు అక్కడ పక్కపక్కనే సాగేవి. ఆ చిన్న సంస్థానాలలో చాలావాటి చరిత్ర వారసత్వ తగాదాలతోనూ, అప్పులతోనూ, ఫ్రెంచి రాజుల వైభవాన్ని అనుకరించబోయి ఖజానా ఖాళీ చేసుకున్న ప్రభువుల కథలతోనూ నిండి ఉంటుంది కాబట్టి చరిత్ర గ్రంథాలు వాటిని రెండు మూడు వాక్యాలలో దాటిపోతాయి. అయితే అన్హాల్ట్–డెస్సావ్‌ను 1758 నుంచి 1817 వరకు 59 సంవత్సరాల పాటు పాలించిన మూడవ లియోపోల్డ్ ఫ్రెడరిక్ ఫ్రాంజ్‌ను అలా దాటిపోవడానికి వీలులేదు. యుద్ధాలలో గెలవకుండా, పొరుగు భూములను ఆక్రమించకుండా, తన చేతిలో ఉన్న నేలను, దానిమీద బతికే మనుషులను బాగుచేయడమే పాలకుడి పని అని నమ్మి, ఆ నమ్మకాన్ని జీవితాంతం ఆచరణలో పెట్టిన పాలకులు ఏ దేశంలోనైనా అరుదు.

నేటి జర్మనీలో బెర్లిన్‌కు నైరుతి దిశగా, ముల్డ నది ఎల్బ నదిలో కలిసే ప్రాంతంలో డెస్సావ్ పట్టణం ఉంది. అన్హాల్ట్ రాజవంశం అన్నదమ్ముల పంపకాల వల్ల డెస్సావ్, కోతెన్, బెర్న్‌బుర్గ్, జెర్బ్‌స్ట్ అనే శాఖలుగా చీలిపోయి, ఒక్కో శాఖ ఒక్కో చిన్న భూభాగాన్ని ఏలుకునేది. రష్యా సామ్రాజ్ఞిగా ప్రసిద్ధి పొందిన రెండవ కేథరిన్ ఈ వంశపు జెర్బ్‌స్ట్ శాఖలో పుట్టినదే. ఒకవైపు ప్రష్యా, మరోవైపు శాక్సనీ ఉన్న ఇరుకు చోట ఈ సంస్థానాలు నిలబడాలంటే పెద్ద పొరుగువారి కొలువు చేయక తప్పేది కాదు. డెస్సావ్ ప్రభువులు తరతరాలుగా ఎంచుకున్న కొలువు ప్రష్యా సైన్యం.

ఆ సంప్రదాయానికి శిఖరం ఫ్రాంజ్ తాత మొదటి లియోపోల్డ్. ‘వృద్ధ డెస్సావర్’ అన్న పేరుతో జర్మన్ల జ్ఞాపకంలో నిలిచిన ఈ సేనాని ప్రష్యా పదాతిదళానికి లయబద్ధమైన కవాతు నేర్పాడు. తుపాకీలో మందు కూరడానికి వాడే కర్ర కడ్డీ స్థానంలో ఇనుప కడ్డీని ప్రవేశపెట్టి కాల్పుల వేగం పెంచాడు. అంతటి కఠిన సైనికుడు ఒక మందుల అంగడి యజమాని కుమార్తె అన్నా లూయిజెను ప్రేమించి, రాజవంశాల మర్యాదలను లెక్కచేయకుండా 1698లో పెళ్లాడాడు. మనవడి కథకు అన్నిటికన్నా ముఖ్యమైన మరో పని కూడా ఆయన చేశాడు: సంస్థానంలో ఉన్న భూస్వామ్య ప్రభువుల ఎస్టేట్లను ఒక్కొక్కటిగా కొనివేసి, కొన్నిచోట్ల ఒత్తిడి తెచ్చి అమ్మించి, దాదాపు దేశమంతటికీ తానే భూయజమాని అయ్యాడు. ఇతర సంస్థానాలలో ఏ సంస్కరణకైనా మొదట అడ్డుపడేది స్థానిక భూస్వాములే. డెస్సావ్‌లో అటువంటి వర్గమే దాదాపు లేకుండా పోయింది. నిర్దాక్షిణ్యంగా సాగిన ఈ కొనుగోళ్లు లేకపోతే మనవడి ఉదారమైన పాలన సాధ్యమయ్యేది కాదు.

ఫ్రాంజ్ 1740 ఆగస్టు 10న డెస్సావ్‌లో జన్మించాడు. 1751లో తల్లి, తండ్రి ఇద్దరూ కొన్ని నెలల తేడాతో మరణించడంతో 11 ఏళ్ల బాలుడు సింహాసనానికి వారసుడయ్యాడు. పినతండ్రి డీట్రిష్ సంరక్షకుడిగా పాలన సాగించాడు. కుటుంబ ఆచారం ప్రకారం ఫ్రాంజ్ కూడా ప్రష్యా సైన్యంలో చేరాడు. 1756లో ప్రష్యా రాజు రెండవ ఫ్రెడరిక్ శాక్సనీ మీద దాడి చేయడంతో సప్తవర్ష సంగ్రామం మొదలై ఐరోపా అంతటా వ్యాపించింది. 1757 జూన్ 18న బొహీమియాలోని కొలీన్ వద్ద ప్రష్యా సేన ఘోరంగా ఓడిపోయినప్పుడు 17 ఏళ్లైనా నిండని ఫ్రాంజ్ ఆ సేనలోనే ఉన్నాడు. అదే సంవత్సరం శరత్కాలంలో అతడు సైన్యాన్ని విడిచిపెట్టి, తన రాజ్యం తటస్థంగా ఉంటుందని ప్రకటించాడు. తాత కీర్తి, తండ్రి కొలువు, పొరుగున ఉన్న మహాబలుడి ఆగ్రహం, ఈ మూడింటినీ ఎదిరించి ఆ వయసులో తీసుకున్న ఈ నిర్ణయమే అతడి జీవితంలో అన్నిటికన్నా సాహసవంతమైనదని చెప్పాలి. 1758లో చక్రవర్తి అనుమతితో అతడు మేజరుగా గుర్తింపు పొంది స్వయంగా పాలన చేపట్టాడు.

ఫ్రెడరిక్ ఈ ధిక్కారాన్ని ఊరికే వదలలేదు. యుద్ధం ముగిసేవరకు డెస్సావ్ మీద డబ్బు, ధాన్యం, గుర్రాలు, సైన్యానికి మనుషులు అంటూ వరుసగా భారాలు మోపాడు. ఆ భారంలో కొంత భాగాన్ని ప్రజల మీదికి నెట్టకుండా యువ ప్రభువు తన కుటుంబపు సొంత సంపద నుంచి చెల్లించాడు. 1763లో శాంతి కుదిరేనాటికి సంస్థానం చితికిపోయి ఉంది. ఆ తరువాతి అర్ధ శతాబ్దపు పని అంతా ఈ శిథిలాల మీదనే మొదలైంది.

ఫ్రాంజ్‌కు ఆ పనిలో సహచరుడు ఫ్రెడరిక్ విల్హెల్మ్ ఫన్ ఎర్డ్‌మన్స్‌డోర్ఫ్. 1736లో డ్రెస్డెన్‌లో పుట్టిన ఈ వాస్తుశిల్పి రాజుకు ఉద్యోగి అనడంకన్నా ఆప్తమిత్రుడు అనడం సరైనది. ఇద్దరూ కలిసి 1763–64లో ఇంగ్లండును, 1765–66లో ఇటలీని, తిరుగు ప్రయాణంలో ఫ్రాన్సును, మళ్లీ ఇంగ్లండును చూశారు. రోమ్‌లో వారికి ప్రాచీన శిల్పాలను, కట్టడాలను దగ్గరుండి వివరించినవాడు యోహాన్ యోఆఖిమ్ వింకెల్మాన్. గ్రీకు, రోమన్ కళలను శాస్త్రీయంగా అధ్యయనం చేసి, కళాచరిత్ర అనే శాస్త్రానికి పునాది వేసిన పండితుడు ఆయనే. నేపుల్స్‌లో బ్రిటిష్ రాయబారి విలియం హామిల్టన్ ఇంట అతిథులుగా ఉండి వెసూవియస్ అగ్నిపర్వతాన్ని చూశారు. ఆ కాలపు రాజకుమారులకు విదేశయాత్ర అంటే విలాసమే. ఫ్రాంజ్ మాత్రం ఇంగ్లండులో కర్మాగారాలను, వ్యవసాయ క్షేత్రాలను, కాలువలను, వంతెనలను, ఆసుపత్రులను పరిశీలించి, తన నేలకు ఏది పనికివస్తుందో ఆలోచిస్తూ తిరిగాడు.

ఆ ప్రయాణాల ఫలితం డెస్సావ్‌కు తూర్పున ఉన్న వోర్లిట్జ్ గ్రామంలో కనిపిస్తుంది. అంతవరకు ఐరోపా రాజుల తోటలకు ఫ్రెంచి పద్ధతి ఆదర్శం: గీత గీసినట్టున్న బాటలు, లెక్క ప్రకారం కత్తిరించిన పొదలు, అన్ని దారులూ రాజభవనం వైపే చూసే అమరిక. ఇంగ్లండులో రూపుదిద్దుకున్న కొత్త పద్ధతి దీనికి పూర్తిగా విరుద్ధం. చెట్టును దాని ఇష్టానికి పెరగనిచ్చి, నీటిని వంపులు తిరగనిచ్చి, మనిషి చేయి పడినట్టు తెలియకుండా ప్రకృతి దృశ్యాన్ని కూర్చడం అందులోని కౌశలం. 1760ల మధ్యలో ఎల్బ పాత పాయల ఒడ్డున ఫ్రాంజ్ మొదలుపెట్టిన వోర్లిట్జ్ ఉద్యానం ఐరోపా ప్రధాన భూభాగంలో ఈ పద్ధతిలో ఏర్పడిన తొలి పెద్ద తోటలలో ఒకటి. 1770లో ఎల్బ వరద వచ్చి తొలి పనులను తుడిచిపెట్టింది. కరకట్టలను బలపరచి మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఆ కట్టలే తోటలోని నడకదారులయ్యాయి. వరద రోజుల్లో కట్ట కాయడానికి కావలివాళ్లు ఉండే గదులను సైతం ఎర్డ్‌మన్స్‌డోర్ఫ్ చిన్న చిన్న అందమైన కట్టడాలుగా మలిచాడు. వరదను ఆపే కట్ట, నడిచేవాడి కాళ్లకు బాట, చూసేవాడి కంటికి దృశ్యం ఒకే నిర్మాణంలో కుదరడం ఈ తోట స్వభావాన్ని బాగా తెలియజేస్తుంది.

1769–1773 మధ్య కట్టిన వోర్లిట్జ్ భవనం జర్మనీలో నవ్య సంప్రదాయ శైలికి, అంటే గ్రీకు, రోమన్ కట్టడాల నిరాడంబరమైన పొందికను ఆదర్శంగా తీసుకునే శైలికి, తొలి ఉదాహరణగా పేరుపొందింది. బంగారు పూతలకు, అలంకారాలకు అలవాటుపడిన కాలంలో నాలుగు స్తంభాల ముఖద్వారంతో, హంగులేవీ లేకుండా నిలిచిన ఈ ఇల్లు రాజభవనంలా కాక, ఇంగ్లండులోని సంపన్న గృహస్థుడి పల్లెటూరి ఇల్లులా ఉండేది. దీనికి పూర్తి భిన్నంగా 1773లో మొదలుపెట్టి దశాబ్దాల పాటు పెంచుతూపోయిన గోథిక్ గృహం మధ్యయుగపు చర్చిల శైలిలో ఉంటుంది. దాని ఒకవైపు ముఖభాగానికి వెనిస్‌లోని ఒక చర్చి నమూనా. స్విట్జర్లాండు నుంచి తెప్పించిన పాత రంగుగాజు పలకలు, క్రానాఖ్ వంటి జర్మన్ చిత్రకారుల చిత్రాలు అందులో చేరాయి.

తోటలో మిగిలినవి వినోదంతోపాటు పాఠం చెప్పడానికి కట్టినవే. కాలువల మీది వంతెనలు ఒక్కొక్కటి ఒక్కో రకం. చూస్తూపోతే వంతెనల నిర్మాణ చరిత్ర తెలుస్తుంది. 1791లో కట్టిన ఇనుప వంతెన ఇంగ్లండులోని కోల్‌బ్రూక్‌డేల్ వద్దనున్న ప్రపంచపు తొలి పోత ఇనుప వంతెనకు చిన్న నమూనా. తత్త్వవేత్త రూసో స్మృతిగా పాప్లార్ చెట్ల మధ్య ఒక దీవి ఏర్పడింది. 1788–1794 మధ్య నీటి మధ్యలో ఒక కృత్రిమ అగ్నిపర్వతం లేచింది. దాని శిఖరం మీద మంటలు రగిలించి, ఎర్రగా వెలిగే గాజు మీదుగా నీటిని జారవిడిస్తే కరిగిన లావా పారుతున్నట్టు కనిపించేది. దాని పక్కనే నేపుల్స్ ఆతిథ్యానికి కృతజ్ఞతగా హామిల్టన్ పేరుతో ఒక విడిది ఉంది. ఎల్బ మైదానం దాటి ఎన్నడూ పోలేని రైతుకూ, చేతివృత్తివాడికీ అగ్నిపర్వతం ఎలా ఉంటుందో చూపాలన్న కోరిక దాని వెనుక ఉంది. తోట చుట్టూ గోడ లేదు, ఎవరైనా రావచ్చు. రాజు తోటలోకి సామాన్యుడు అడుగుపెట్టడమే నేరమైన కాలంలో ఇది చిన్న విషయం కాదు.

1775లో లండన్‌లో ఫ్రాంజ్, కెప్టెన్ కుక్‌తోపాటు ప్రపంచాన్ని చుట్టివచ్చిన జర్మన్ శాస్త్రవేత్తలు రైన్‌హోల్డ్ ఫార్‌స్టర్, అతడి కుమారుడు గియోర్గ్ ఫార్‌స్టర్‌లను కలిశాడు. వారు ఇచ్చిన పసిఫిక్ దీవుల వస్తువులను వోర్లిట్జ్‌లో అందరికీ చూపడానికి ప్రత్యేకంగా ఒక మంటపం కట్టించాడు. ఈ గియోర్గ్ ఫార్‌స్టరే 1791లో కాళిదాసు అభిజ్ఞాన శాకుంతలాన్ని విలియం జోన్స్ ఆంగ్లానువాదం ఆధారంగా జర్మన్‌లోకి తెచ్చి, ఆ దేశపు కవులకు భారతీయ సాహిత్యాన్ని పరిచయం చేసినవాడు. ఆ అనువాదాన్ని ఎంతో మెచ్చుకున్న మహాకవి గేటె వోర్లిట్జ్‌కు కూడా పలుమార్లు వచ్చాడు. వైమార్‌లో ఆయన, ప్రభువు కార్ల్ ఔగుస్ట్ కలిసి పెంచిన ఉద్యానానికి ఇక్కడి అనుభవమే ప్రేరణ.

వోర్లిట్జ్ ఒక్కటే అయితే ఫ్రాంజ్‌ను అభిరుచి గల తోటరాజుగా భావించి ఊరుకోవచ్చు. అతడి ఆలోచన అంతకన్నా విస్తృతమైనది. వోర్లిట్జ్ నుంచి డెస్సావ్ మీదుగా పడమటి వరకు ఉన్న పొలాలు, పచ్చికబయళ్లు, అడవులు, ఊళ్లు, కరకట్టలు, బాటలు అన్నిటినీ ఒకే కూర్పులో భాగాలుగా చూసి, అందం, ఉపయోగం వేర్వేరు కావన్న సూత్రాన్ని దేశమంతటికీ వర్తింపజేశాడు. బాటల పక్కన నీడ కోసమే కాక ఫలం కోసం పండ్లచెట్లు నాటించాడు. తోటలోపలే పైరుపొలాలు ఉండేటట్టు చూశాడు. పశుగ్రాసానికి, నేల సారానికి ఉపకరించే క్లోవర్ వంటి పైర్లను, ఇంగ్లండులో చూసిన సేద్య పద్ధతులను ప్రోత్సహించాడు. అగ్నిప్రమాద బీమా, పేదల సహాయం, వైద్యం వంటి ఏర్పాట్లు చేశాడు. 1787లో డెస్సావ్ పట్టణం వెలుపల ఎర్డ్‌మన్స్‌డోర్ఫ్ రూపొందించిన కొత్త శ్మశానవాటికలో హోదాల తేడా లేకుండా ఒకే తీరు సమాధులు ఉండాలన్నది నియమం.

చదువు విషయంలో అతడు చేసిన ప్రయత్నం మొత్తం ఐరోపా దృష్టిని ఆకర్షించింది. హాంబుర్గ్‌లో పుట్టిన విద్యా సంస్కర్త యోహాన్ బెర్న్‌హార్డ్ బాజెడోను ఫ్రాంజ్ 1771లో డెస్సావ్‌కు ఆహ్వానించాడు. 1774 డిసెంబరులో ‘ఫిలాంత్రోపినుమ్’ అనే పాఠశాల మొదలైంది. మానవప్రేమకు నిలయం అన్న భావంతో పెట్టిన ఆ పేరుకు తగ్గట్టే, బెత్తం మీద, బట్టీ మీద నడిచే ఆనాటి బడులకు అది పూర్తిగా భిన్నంగా ఉండేది. లాటిన్‌ను సైతం వ్యాకరణ సూత్రాలతో కాక మాటలాడిస్తూ నేర్పారు. బొమ్మలతో, వస్తువులతో పాఠాలు చెప్పారు. పరుగు, దూకడం, బరువులు మోయడం వంటి వ్యాయామాలను, తోటపనిని, చేతిపనులను పాఠ్యక్రమంలో చేర్చారు. ఏ ఒక్క క్రైస్తవ శాఖ సిద్ధాంతాన్నీ పిల్లల మీద రుద్దలేదు. తత్త్వవేత్త ఇమ్మాన్యుయెల్ కాంట్ కోనిగ్స్‌బెర్గ్ పత్రికలో ఈ బడిని ఆదుకోవాలని కోరుతూ రాశాడు.

అంత పేరు వచ్చినా బడి నిలవలేదు. బాజెడో ఆలోచనలో గొప్పవాడే కాని, తోటివారితో పొసగే స్వభావం లేనివాడు. కొద్ది సంవత్సరాలకే నాయకత్వం వదులుకున్నాడు. ఉపాధ్యాయుల మధ్య తగాదాలు, డబ్బు ఇబ్బందులు ముదిరి 1793లో పాఠశాల మూతపడింది. అయినా అక్కడ పనిచేసిన జాల్ట్స్‌మన్ 1784లో ష్నెప్ఫెంటాల్‌లో సొంత బడి పెట్టాడు. ఆ బడిలోనే గూట్స్‌మూట్స్ అనే ఉపాధ్యాయుడు వ్యాయామ విద్యను శాస్త్రంగా తీర్చిదిద్దాడు. నేడు ప్రతి బడిలోనూ ఉండే ఆటల పీరియడు మూలాలను వెతుక్కుంటూ పోతే డెస్సావ్ దగ్గరికే చేరుకుంటాము. సొంత సంస్థానంలో సాధారణ బడుల సంస్కరణను, ఉపాధ్యాయ శిక్షణను కూడా ఫ్రాంజ్ చేపట్టాడు. వార్తల్లోకి ఎక్కని ఈ పనే ఎక్కువ కాలం నిలిచింది.

మత సహనం అతడి పాలనలో మాటలకే పరిమితం కాలేదు. యూదు తత్త్వవేత్త మోజెస్ మెండెల్సన్ 1729లో డెస్సావ్‌లోనే, ధర్మగ్రంథాల ప్రతులు రాసి బతికే పేద కుటుంబంలో పుట్టాడు. ఆ పట్టణంలో యూదు సమాజం చాలాకాలంగా ఉంది. 1790లో ఫ్రాంజ్ వోర్లిట్జ్ తోట అంచున యూదుల కోసం, రోమ్‌లోని గుండ్రని ప్రాచీన ఆలయాన్ని తలపించే ప్రార్థనామందిరం కట్టించాడు. యూదుల ఆరాధనాస్థలాలను వీధుల వెనుక, కంటికి కనబడని చోట మాత్రమే అనుమతించే రోజుల్లో, తన తోటలోని దృశ్యాల వరుసలో దానికి చోటిచ్చాడు. తోటలోని ఒక చోట నిలబడి చూస్తే ఈ మందిరం, గ్రామ చర్చి గోపురం, ప్రకృతిని, కళను గౌరవించమని బాటసారిని కోరే రాతివేదిక ఒకే చూపులో కనిపిస్తాయి. 1806లో యూదు సంస్కరణవాదుల జర్మన్ పత్రిక ‘సులామిత్’ డెస్సావ్ పండితుల చేతుల మీదుగానే వెలువడింది.

ఫ్రాంజ్ వ్యక్తిగత జీవితం మాత్రం అతడు పెంచిన తోటంత ప్రశాంతంగా సాగలేదు. 1767లో అతడు బ్రాండెన్‌బుర్గ్–ష్వెట్ రాజవంశానికి చెందిన లూయిజెను పెళ్లాడాడు; ఆమె ఫ్రాంజ్ మేనత్త కూతురు, అంటే తెలుగువారి లెక్కలో ఇది మేనరికం. రాజకీయ అవసరాల కోసం కుదిరిన ఈ పెళ్లిలో అన్యోన్యత లోపించింది. పుట్టిన పిల్లలలో 1769లో జన్మించిన ఫ్రెడరిక్ ఒక్కడే ఎదిగాడు. విద్యావంతురాలైన లూయిజె కళలలో, ప్రయాణాలలో, దినచర్యల రచనలో, తన పేరుతో కట్టిన లూయిజియుమ్ భవనంలో ఊరట వెతుక్కుంది; ఫ్రాంజ్ తోటమాలి కుమార్తె లూయిజె షోఖ్‌తో గోథిక్ గృహంలో కాపురం చేసి ఆమెతో బిడ్డలను కన్నాడు. ప్రజల సుఖం గురించి అంతగా తపించిన మనిషి భార్య ఒంటరితనాన్ని పట్టించుకోలేదన్నది దాచవలసిన విషయం కాదు.

రాజకీయాలలో చిన్న సంస్థానానికి ఉన్న పరిమితులు అతడికి చివరివరకు అడ్డుపడుతూనే ఉన్నాయి. ప్రష్యా, ఆస్ట్రియాల మధ్య నలిగిపోకుండా చిన్న రాజ్యాలు ఒక కూటమిగా ఏర్పడాలన్న ఆలోచనకు 1780లలో అతడు, వైమార్ ప్రభువు, బాడెన్ ప్రభువు ముందు నిలిచారు. కాని 1785లో ఆ కూటమి రూపం దాల్చేసరికి పగ్గాలు ప్రష్యా రాజు చేతిలోకి పోయాయి. 1793లో జెర్బ్‌స్ట్ శాఖ అంతరించగా, 1797 పంపకంలో ఆ పట్టణం డెస్సావ్‌కు వచ్చింది. 1806 అక్టోబరులో ప్రష్యాను ఓడించిన నెపోలియన్ డెస్సావ్‌కు వచ్చినప్పుడు ఫ్రాంజ్ యుద్ధంలో లేనందున సంస్థానం విధ్వంసం తప్పించుకుంది. మరుసటి సంవత్సరం నెపోలియన్ సంరక్షణలోని రైన్ కూటమిలో చేరి డ్యూక్ బిరుదు పొందాడు. దానికి చెల్లించిన మూల్యం చిన్నది కాదు: పదిహేడో ఏట యుద్ధాన్ని తిరస్కరించినవాడి రాజ్యం నుంచి అన్హాల్ట్ యువకులు ఫ్రాన్సు తరఫున తిరోల్ కొండలకు, స్పెయిన్‌కు పోయి ప్రాణాలొడ్డవలసి వచ్చింది.

ఇక్కడే ఫ్రాంజ్ పాలనలోని మౌలికమైన బలహీనతను గుర్తించాలి. జ్ఞానోదయ యుగపు ఆలోచనలను ఆచరించిన నిరంకుశ ప్రభుత్వం అతడిది. ప్రజల మేలు కోరే పాలకుడు ప్రజలను అడగకుండానే ఆ మేలు చేసే పద్ధతి అది. తాత కొనిపెట్టిన భూమి, మనవడికున్న మంచి మనసు రెండూ కలిసిరావడం యాదృచ్ఛికం. రైతులు, వృత్తులవారు ప్రతినిధులను పంపి పన్నుల గురించో, సైన్యం గురించో చర్చించే సభ ఏదీ అతడు ఏర్పరచలేదు. స్పెయిన్‌కు పోవలసిన యువకుల ఇష్టాయిష్టాలను అడిగే ఏర్పాటు లేకపోవడం ఆ లోపపు ఫలితమే. ప్రజలు అతడిని ‘తండ్రి ఫ్రాంజ్’ అని ప్రేమగా పిలిచారు. ఆ పిలుపులోనే వారికి పౌరుల హోదా ఇంకా రాలేదన్న సంగతి కూడా ఉంది.

ఎర్డ్‌మన్స్‌డోర్ఫ్ 1800లో, లూయిజె 1811లో, కుమారుడు ఫ్రెడరిక్ 1814లో మరణించారు. ఫ్రాంజ్ 1817 ఆగస్టు 9న, 77వ జన్మదినానికి ఒక్కరోజు ముందు, లూయిజియుమ్ భవనంలో కన్నుమూశాడు. మనవడు నాలుగవ లియోపోల్డ్ ఫ్రెడరిక్ గద్దెనెక్కాడు. తరువాతి శతాబ్దంలో ఆ నేల చూడరాని రోజులు చూసింది. 1938 నవంబరులో నాజీలు దేశమంతటా యూదుల మందిరాలను తగలబెట్టిన రాత్రి వోర్లిట్జ్ మందిరం బూడిద కాకుండా నిలిచిందంటే, ఉద్యానాల అధికారి హాన్స్ హల్లెర్‌ఫోర్డెన్ అడ్డుపడటమే కారణం. 1945 మార్చిలో బాంబుల వర్షానికి డెస్సావ్ నగరం చాలా భాగం నేలమట్టమైంది. వోర్లిట్జ్ మాత్రం మిగిలింది.

సుమారు 142 చదరపు కిలోమీటర్ల ఈ ఉద్యాన రాజ్యాన్ని యునెస్కో 2000లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. ఉద్యోగాలకో, చదువులకో బెర్లిన్, లైప్‌జిగ్ నగరాల్లో ఉంటున్న తెలుగువారికి ఇది ఒక్కరోజు ప్రయాణంలో చూసి రాగల చోటు. భవనాల లోపలికి వెళ్లడానికి టికెట్టు ఉంది కాని, వోర్లిట్జ్ తోటలోకి పోవడానికి ఫ్రాంజ్ కాలంలో లాగే నేటికీ రుసుము లేదు.